ఇంటిలోని పాత ఏ.సి. యంత్రమూ, ఆకాశంలోని ఓజోను పొరా

గత వేసవిలో మా ఇంట జరిగిన ఒక చిన్న సంఘటన ఈ వ్యాసానికి మూలం. తగరపువలసలో గోస్తనీ నదికి అల్లంత దూరాన ఉన్న మా ఇంటిలో, నాన్నగారి పడకగదికి 2011లో అమర్చిన ఒకటిన్నర టన్నుల ఏ.సి. యంత్రం ఒకటి ఉన్నది. మూడేళ్ళుగా ఏప్రిల్ నెల వచ్చేసరికి దాని చల్లదనం సన్నగిల్లేది. మెకానిక్కు వచ్చి, "గ్యాసు అయిపోయింది బాబుగారూ" అని చెప్పి, సిలిండరు తగిలించి, పది నిమిషాలలో నింపి వెళ్ళేవాడు. నాలుగవ ఏట మాత్రం అతడు తల అడ్డంగా ఊపి, "ఈ గ్యాసును గవర్నమెంటు బందు చేసేసింది బాబుగారూ. ఇంక దొరకదు. కొత్త మిషను కొనుక్కోండి. లేదంటారా, ఇప్పుడొస్తున్న కొత్త గ్యాసే ఇందులో పోసేస్తాను" అన్నాడు.

గ్యాసు అయిపోయింది, ప్రభుత్వం దానిని నిలిపివేసింది, కొత్త గ్యాసును పాత యంత్రంలో నింపవచ్చును. ఈ మూడు మాటలను విశాఖపట్నం మొదలు భీమిలి వరకు వేలాది ఇండ్లలో వింటూనే ఉంటారు. విచారించి చూడగా వీటిలో మొదటిది పొరపాటు, రెండవది సగమే నిజం, మూడవది ప్రాణాపాయకరం అని తేలింది. ఆ విచారణలో తెలిసికొన్న సంగతులను విద్యార్థి మిత్రుల ముందును, కళాశాల పాలకవర్గంవారి ముందును ఉంచడమే ఈ వ్యాసోద్దేశం.

యంత్రం పనిచేసే తీరు

ఏ.సి. యంత్రం చల్లదనాన్ని పుట్టించదు. గదిలోని వేడిని తీసికొనిపోయి బయట పారబోస్తుంది. కొత్త కుండలో నీరు ఎందుకు చల్లబడుతుందో ఎరిగినవారికి ఈ సూత్రం కొత్తది కాదు. కుండ రంధ్రాలనుండి చెమర్చిన నీరు ఆవిరి కావడానికి కొంత వేడి కావాలి; ఆ వేడిని అది కుండలోని నీటినుండే గ్రహిస్తుంది. దీనినే భౌతికశాస్త్రంలో బాష్పీభవన గుప్తోష్ణం అంటారు.

నీటికి బదులు ఇంకా తేలికగా ఆవిరయ్యే ద్రవాన్ని రాగి గొట్టాలలో బంధించి, మరల మరల ఆవిరిగాను ద్రవంగాను మారుస్తూ ఉంటే అదే ఏ.సి. యంత్రం. ఆ ద్రవానికి శీతలకం అని పేరు. మెకానిక్కులు గ్యాసు అని వ్యవహరించేది దీనినే. మా పాత యంత్రంలో ఉన్నది ఆర్-22. సాధారణ వాయుపీడనంలో ఇది సున్నాకు దిగువ 41 సెంటీగ్రేడు డిగ్రీల వద్దనే మరుగుతుంది. గదిలోని గొట్టాలలో తక్కువ పీడనం వద్ద ఇది ఆవిరై వేడిని పీల్చుకొంటుంది. కంప్రెసరు ఆ ఆవిరిని నొక్కి వేడెక్కించి బయటి గొట్టాలకు పంపుతుంది. అక్కడ పీడనం సుమారు 19 రెట్ల వాయుపీడనానికి చేరి, ఆ ఆవిరి 50 డిగ్రీల ప్రాంతంలో వేడిని వదలి తిరిగి ద్రవమవుతుంది. సన్నని గొట్టం గుండా ఆ ద్రవం మరల లోపలికి వస్తుంది. ఈ చక్రం ఇలా సాగుతూనే ఉంటుంది.

ఒక టన్ను అంటే యంత్రపు బరువు కాదు. ఒక టన్ను మంచుగడ్డను ఇరవైనాలుగు గంటలలో కరిగించగల వేడిని, అంటే సుమారు 3.5 కిలోవాట్లను, గదినుండి తొలగించే శక్తి అని అర్థం. మంచుగడ్డలతోనే ఇండ్లు చల్లబరచుకొన్న కాలంనుండి వచ్చిన కొలమానం అది.

ఇక్కడ గమనింపదగిన విషయం ఒకటి ఉన్నది. లారీలో డీజిలు ఖర్చయినట్లు యంత్రంలో శీతలకం ఖర్చు కాదు. మూసిన గొట్టాలలో తిరిగే ఆర్-22 పది సంవత్సరాలైనా, ఇరవై సంవత్సరాలైనా తరగకూడదు. తరిగినదంటే ఎక్కడో చిల్లి పడినదని అర్థం. కాబట్టి "గ్యాసు అయిపోయింది" అన్న మొదటి మాట పొరపాటు. "గ్యాసు కారిపోయింది" అనాలి. కారే కుండకు మాటు వేయకుండా నీరు పోస్తూ కూర్చోవడం వంటిదే ఏటేటా గ్యాసు నింపించుకోవడం.

మంచి చేయబోయి చెడు తెచ్చిన రసాయనం

శీతలకాల చరిత్ర మనిషి తెలివికీ, తొందరపాటుకూ కూడ నిదర్శనంగా నిలుస్తుంది. తొలి శీతల యంత్రాలలో అమ్మోనియా, గంధక ద్విఆమ్లజని వాయువు, మిథైల్ క్లోరైడు వాడేవారు. అవన్నీ విషవాయువులు. 1920లలో అమెరికాలో ఇండ్లలోని శీతల పేటికలనుండి అవి కారి నిద్రలోనే మరణించిన కుటుంబాలున్నవి. చేపలకు మంచు తయారుచేసే పెద్ద కర్మాగారాలలో అమ్మోనియా నేటికీ ఉన్నది. అయితే అక్కడ కాపలా, శిక్షణ ఉంటాయి. పడకగదిలో అది పనికిరాదు.

ఈ చిక్కును తీర్చడానికి 1928లో థామస్ మిడ్జిలీ అనే అమెరికన్ ఇంజనీరు, అతని సహచరులు కర్బనం, క్లోరిన్, ఫ్లోరిన్ కలిసిన ఒక కొత్త రసాయనాన్ని ఎంచుకొన్నారు. అదే ఆర్-12. మండదు, విషం కాదు, వాసన లేదు. 1930లో మిడ్జిలీ రసాయన శాస్త్రజ్ఞుల సభలో ఆ వాయువును తానే పీల్చి, వెలుగుతున్న కొవ్వొత్తిపై ఊది దానిని ఆర్పివేసి దాని నిరపాయతను నిరూపించాడు. అటుపిమ్మట అర్ధశతాబ్దం పాటు ప్రపంచమంతా ఆ జాతి రసాయనాలను నమ్మి వాడుకొన్నది. 1942లో హైదరాబాదులో నెలకొన్న ఆల్విన్ సంస్థవారి రిఫ్రిజిరేటర్లు తెలుగు ఇండ్లలో ఒక తరంపాటు గౌరవచిహ్నంగా వెలుగొందిన కాలంలో ఇండ్ల శీతల పేటికలకు ఆర్-12 వాడుకే సర్వసాధారణం.

ఆ రసాయనపు గొప్ప గుణమే దాని దోషమయింది. దేనితోను కలవని ఆ పదార్థం వాతావరణంలో సుమారు నూరు సంవత్సరాలు చెడకుండా ఉండి, మెల్లగా పైపైకి చేరుతుంది. భూమికి పదిహేను మొదలు ముప్పై అయిదు కిలోమీటర్ల ఎత్తున దట్టంగా ఉండే ఓజోను పొర సూర్యుని అతినీలలోహిత కిరణాలను అడ్డగించి, చర్మపు కాన్సరునుండియు, కంటి శుక్లాలనుండియు మనలను కాపాడుతున్నది. అక్కడ తీవ్రమైన ఎండకు ఈ రసాయనం విడిపోయి క్లోరిన్ పరమాణువును వదలుతుంది. ఒక్క పరమాణువు వేలకొలది ఓజోను అణువులను వరుసగా నాశనం చేయగలదు. ఈ సంగతిని 1974లో మారియో మొలీనా, షెర్‌వుడ్ రౌలండ్ ప్రకటించారు. 1985లో ఫార్మన్, గార్డినర్, షాంక్లిన్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞులు దక్షిణ ధ్రువంపై ఓజోను ప్రతి వసంతంలోను దారుణంగా తగ్గిపోతున్నదని చూపారు. ఓజోను రసాయనిక ప్రక్రియలపై కృషికిగాను మొలీనా, రౌలండ్‌లకు, వారితోపాటు పాల్ క్రూట్జన్‌కు 1995లో నోబెల్ బహుమానం లభించింది.

ఈ కథలో మన తెలుగునేలకు సంబంధించిన ఘట్టం ఒకటి ఉన్నది. అన్నామలై విశ్వవిద్యాలయంలో 1965లో ఇంజనీరింగు ముగించిన వీరభద్రన్ రామనాథన్ అనే యువకుడు సికిందరాబాదులోని ఒక రిఫ్రిజిరేటర్ల సంస్థలో చేరాడు. శీతలక వాయువు యంత్రాలనుండి ఎందుకు కారిపోతున్నదో కనుగొనుట ఆయనకు అప్పగించిన పని. ఆ పని ఆయనకు అంతగా రుచించలేదు. కాని తరువాత అమెరికా వెళ్ళి వాతావరణ శాస్త్రం చేపట్టిన ఆయనే, ఆ వాయువులు ఓజోనుకు చేసే కీడుతో పాటు భూమిని దుప్పటివలె కప్పి వేడిని పట్టి ఉంచుతాయని, ఈ విషయంలో బొగ్గుపులుసు వాయువుకంటె వేల రెట్లు బలమైనవని 1975లో నిరూపించాడు. సికిందరాబాదులో గొట్టాల అతుకులనుండి కారిన వాయువు ఏమవుతున్నదన్న ప్రశ్నకు పదేళ్ళ తరువాత దొరికిన సమాధానం అది.

ఒప్పందాలు, గడువులు

1987 సెప్టెంబరు 16న కెనడాలోని మాంట్రియల్ నగరంలో ఓజోను రక్షణకు ఒప్పందం కుదిరింది. ఆ తేదీనే నేడు ప్రపంచ ఓజోను దినంగా పాటిస్తున్నారు. భారతదేశం 1992లో అందులో చేరింది. 2000లో తత్సంబంధమైన నియమావళిని ప్రకటించింది. వర్ధమాన దేశాలకు పదేళ్ళ అదనపు గడువు, మార్పునకు ధనసహాయం ఈ ఒప్పందంలోని విశేషాలు. ఆర్-12 జాతి రసాయనాలకు మన దేశంలో, ఉబ్బసపు రోగుల మందుల వంటి కొద్ది మినహాయింపులతో, 2010 నాటికి స్వస్తి చెప్పారు.

ఆర్-22 ఆ జాతికి తమ్ముడు వంటిది. దీని అణువులో ఒక ఉదజని పరమాణువు ఉండుటచేత చాలవరకు క్రింది వాతావరణంలోనే విచ్ఛిన్నమైపోతుంది. ఆయుర్దాయం సుమారు పన్నెండేళ్ళు. ఓజోనుకు దీనివలన కలిగే హాని ఆర్-12తో పోల్చగా ఇరవైయవ వంతు. అందుచేత దీనిని మధ్యంతర ఏర్పాటుగా కొంతకాలం ఉండనిచ్చారు. కాని క్లోరిన్ ఉన్నది గనుక ఇదియు పోవలసినదే. వర్ధమాన దేశాలకు విధించిన క్రమం ఇది: 2009, 2010 సంవత్సరాల సగటు వాడకం ఆధారంగా, 2013లో పెరుగుదల ఆపాలి, 2015కు నూటికి 10 వంతులు, 2020కి 35 వంతులు, 2025కు 67.5 వంతులు తగ్గించాలి. 2030కి పూర్తిగా మానాలి. అప్పటికే ఇండ్లలో ఉన్న యంత్రాల మరమ్మతుకై మాత్రం 2040 వరకు సగటున 2.5 వంతులు అనుమతిస్తారు.

భారతదేశం 2024 డిసెంబరు 31తో కొత్త యంత్రాల తయారీలో ఈ జాతి రసాయనాల వాడకాన్ని ఆపివేసింది. కనుక మెకానిక్కు చెప్పిన రెండవ మాట సగమే నిజం. నిలిపివేసినది కొత్త యంత్రాలకు నింపుటను. పాత యంత్రాన్ని వాడుకొనుటను గాని, దానిని మరమ్మతు చేయించుకొనుటను గాని ఏ చట్టమూ నిషేధించలేదు. ఎవరి ఇంటికీ వచ్చి యంత్రాన్ని ఊడదీసికొనిపోరు. అయితే సరఫరా ఏటేటా కుదించుకొనిపోతుంది. అరుదైన సరుకు ప్రియమవుతుంది. ప్రియమైన సరుకులో కల్తీ చేరుతుంది. గృహస్థునికి అసలు కష్టం ఇక్కడనే ఉన్నది.

మనకన్న ముందు ఈ దారిన నడచినవారిని చూచి నేర్చుకోవచ్చు. అమెరికాలో 2010నుండి కొత్త యంత్రాలకు ఆర్-22 ఆగింది. 2020 జనవరి 1నుండి దాని ఉత్పత్తి, దిగుమతి ఆగిపోయినవి. ఆ తరువాత అక్కడ పాత యంత్రాలకు దొరికేది నిలవ సరుకు, పాత యంత్రాలనుండి సేకరించి శుద్ధిచేసిన సరుకు మాత్రమే. దానికి బదులుగా వచ్చిన ఆర్-410ఏకు సైతం కాలం చెల్లుతున్నది. ఇండ్లలో వాడే కొత్త యంత్రాలను దానితో తయారుచేయుట 2025 జనవరి 1నుండి అక్కడ నిషిద్ధం. టెక్సాస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలలో ఇల్లంతటికి ఒకే యంత్రం ఉంటుంది గనుక, అది చెడితే ఖర్చు కూడ పెద్దదే. తగరపువలసలోని తండ్రికి, డాలస్‌లోని కొడుకుకు ఒకే సమస్య ఎదురుకావడం ఈ కాలపు వింత.

ఆర్-410ఏకు వచ్చిన దోషమేమి? అందులో క్లోరిన్ లేదు. ఓజోనుకు హాని లేదు. కాని భూమిని వేడెక్కించే శక్తిలో అది బొగ్గుపులుసు వాయువుకు 2,088 రెట్లు. ఆర్-22ది 1,810 రెట్లు. అనగా ఒక కీడును తప్పించబోయి రెండవ కీడును ఉంచుకొన్నాము. దీనిని సరిదిద్దుటకే 2016 అక్టోబరు 15న రువాండా రాజధాని కిగాలిలో మాంట్రియల్ ఒప్పందానికి సవరణ చేశారు. భారతదేశం 2021లో దానిని ఆమోదించింది. దీని ప్రకారం మనం 2028లో ఈ కొత్త జాతి రసాయనాల పెరుగుదలను ఆపి, 2032నుండి క్రమంగా తగ్గిస్తూ, 2047 నాటికి నూటికి 85 వంతులు తగ్గించాలి. నేడు మన విపణిలో ఎక్కువగా కనబడే ఆర్-32 యొక్క శక్తి 675 రెట్లు. గోద్రెజ్ సంస్థ 2012లో మన దేశంలో ప్రవేశపెట్టిన ప్రోపేను, అనగా ఆర్-290 యంత్రాలలో అది మూడు రెట్ల ప్రాంతమే. ఈ రెండింటికీ మండే గుణం ఉన్నది. మొదటిదానికి కొద్దిగా, రెండవదానికి హెచ్చుగా.

మూడవ మాటలోని ప్రమాదం

ఇక "కొత్త గ్యాసే ఇందులో పోసేస్తాను" అన్న మాట. ఇది వినడానికి పొదుపుగా తోస్తుంది గాని, అన్నిటికంటె భయంకరమైనది.

మొదటి కారణం పీడనం. 50 డిగ్రీల వద్ద ఆర్-22 సుమారు 19 వాయుపీడనాల వద్ద ఉంటే, ఆర్-410ఏ, ఆర్-32లు 30కి పైబడతాయి. పాత యంత్రపు గొట్టాలు, అతుకులు, కంప్రెసరు ఆ ఒత్తిడికి రూపొందినవి కావు. అందులోను పదేళ్ళు సముద్రపు గాలి తిన్నవి. రెండవ కారణం నూనె. ఆర్-22 కంప్రెసరులోని ఖనిజ తైలం కొత్త శీతలకాలతో కలిసి తిరగదు. నూనె అందక కంప్రెసరు అరిగి పట్టివేస్తుంది. మూడవది నిప్పు. ప్రోపేను ఆర్-22 వలెనే పనిచేస్తుంది గనుక కొందరు పాత యంత్రాలలో దానిని, ఒక్కొక్కప్పుడు వంటగ్యాసును కూడ నింపుతారు. ప్రోపేనుకై రూపొందిన యంత్రంలో దాని పరిమాణాన్ని పరిమితం చేసి, మెరుపు పుట్టే విద్యుద్భాగాలను మూసి ఉంచుతారు. పాత యంత్రంలో ఆ రక్షణలేవీ లేవు. మూసిన పడకగదిలో గ్యాసు కారి, స్విచ్చి వద్ద చిన్న మెరుపు మెరిస్తే ఏమగునో వివరించ నక్కరలేదు.

ఓడరేవు నగరవాసులు గుర్తుంచుకోదగిన ఉదాహరణ ఒకటి. 2011లో చేపలు, పండ్లు మోసే శీతల కంటైనర్లు వియత్నాంలోను, బ్రెజిల్‌లోను ప్రేలి ముగ్గురు కార్మికులు మరణించారు. మరమ్మతు చేసినపుడు నింపిన శీతలకంలో మిథైల్ క్లోరైడు కల్తీ అయినదని, అది కంప్రెసరులోని అల్యూమినియంతో కలిసి గాలి తగిలిన వెంటనే భగ్గుమనే పదార్థంగా మారినదని పరిశోధనలో తేలింది. 1920లలో విషమని విడిచిపెట్టిన రసాయనమే తొంబదేళ్ళ తరువాత చౌక సరుకు రూపంలో తిరిగి వచ్చి ప్రాణాలు తీసింది.

ఈ ప్రమాదం గృహస్థునికంటె ముందు మెకానిక్కుకే అని మరువరాదు. అతడు చెడ్డవాడు కాడు. పన్నెండేళ్ళ వయసులో ఎవరి దగ్గరనో సాయానికి చేరి, చూచి నేర్చుకొన్న పని అది. కొత్త రసాయనాలను గురించి అతనికి ఎవరూ పాఠం చెప్పలేదు.

ఉప్పుగాలి, బిల్లు, లెక్క

మన ప్రాంతంలో చిల్లులు ఎందుకు హెచ్చు? భీమిలి తీరం తగరపువలసకు కొద్ది మైళ్ళే. సముద్రపు గాలిలోని ఉప్పు తేమతో కలిసి బయటి యంత్రపు అల్యూమినియం రేకులను తినివేస్తుంది. రాగి గొట్టానికి, వాటికి మధ్య చిన్న విద్యుద్ఘటం వంటిది ఏర్పడి క్షయం త్వరపడుతుంది. ఇనుప పెట్టె తుప్పు పట్టి, కుదుపుకు గొట్టం ఒరసికొని పగుళ్ళు వస్తాయి. నెలకొకసారి విద్యుత్తు ఆపి, మంచినీటితో బయటి రేకులను మెల్లగా కడిగితే ఈ క్షయం చాలవరకు తగ్గుతుంది. దీనికి కాసు ఖర్చు లేదు.

యంత్రాన్ని ఉంచుకోవాలా, మార్చాలా అన్నది లెక్కతో తేల్చవలసిన ప్రశ్న. ఒక ఉదాహరణ తీసికొందాము. అంకెలు ఊహించినవే, ఎవరి ఇంటికి తగినట్లు వారు మార్చుకోవచ్చు. పాత యంత్రం 1.8 కిలోవాట్లు లాగుతుందని, వేసవిలో 120 రోజులు రోజుకు ఆరు గంటలు నడుస్తుందని, అందులో మూడింట రెండు వంతుల కాలం కంప్రెసరు తిరుగుతుందని అనుకొందాము. మొత్తం 864 యూనిట్లు. అదే పనిని గంటకు సగటున అర యూనిట్ తినే కొత్త యంత్రం 360 యూనిట్లతో చేస్తుంది. మిగులు 504 యూనిట్లు. యూనిట్‌కు ఎనిమిది రూపాయలైతే ఏటికి సుమారు నాలుగు వేల రూపాయలు. కొత్త యంత్రం నలభై వేలైతే, కేవలం విద్యుత్తు పొదుపుతో దాని వెల తిరిగి రావడానికి పదేళ్ళు పడుతుంది. రోజుకు పన్నెండు గంటలు నడిపే ఇంటికి అయిదేళ్ళు చాలు.

అనగా చిల్లి లేని పాత యంత్రాన్ని, కొద్దిగా వాడేవారు, భయపడి పారవేయనక్కరలేదు. కాని ఏటా కారే యంత్రం సంగతి వేరు. ఒక కిలో ఆర్-22 గాలిలో కలిస్తే 1,810 కిలోల బొగ్గుపులుసు వాయువుతో సమానం. మన దేశంలో ఒక యూనిట్ విద్యుత్తు పుట్టడానికి సుమారు 0.7 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. కాబట్టి ఆ ఒక్క కిలో సుమారు 2,600 యూనిట్ల విద్యుత్తుకు సమానమైన కీడు. పై లెక్కలో కొత్త యంత్రం ఏటికి పొదుపు చేసే విద్యుత్తుకు ఇది అయిదు రెట్లు. యంత్రం పాతదై ఎక్కువ కరెంటు తినడంకంటె, అది కారుతూ ఉండడమే పెద్ద దోషమని దీనివలన స్పష్టమవుతున్నది.

చేయదగినవి

మొదటిది, యంత్రానికి అంటించిన రేకును చదవండి. అందులో ఏ శీతలకం, ఎన్ని గ్రాములు అన్నది ముద్రించి ఉంటుంది. ఆ పేరు తప్ప వేరు సరుకు నింపనీయరాదు.

రెండవది, మెకానిక్కు వద్ద మూడు వస్తువులున్నవో లేవో చూడండి. చిల్లి వెదకుటకు నైట్రోజను సిలిండరు. గొట్టాలలోని గాలిని, తేమను తీసివేయుటకు వాక్యూం పంపు. గ్యాసును తూచి నింపుటకు త్రాసు. నైట్రోజను ఎక్కించి అతుకులకు సబ్బునురుగు పూస్తే చిల్లి ఉన్నచోట బుడగలు వస్తాయి. ఆమ్లజనిని ఇందుకు ఎన్నడూ వాడరాదు. నూనెతో కలిసి ప్రేలుతుంది.

మూడవది, మరమ్మతు చేసేటపుడు మిగిలిన గ్యాసును గాలిలోకి వదలక ఖాళీ సిలిండరులోకి సేకరించమని అడగండి. శుద్ధిచేసిన పాత సరుకే రేపటి పాత యంత్రాలకు ఆధారం.

నాలుగవది, యంత్రాన్ని పారవేసేటపుడు గొట్టాలు కోసి రాగి తూచి కొనేవారికి ఇవ్వకండి. గొట్టం తెగిన క్షణంలోనే ఆ గ్యాసంతా గాలిలో కలుస్తుంది. 2022లో ప్రకటించి 2023 ఏప్రిల్ 1నుండి అమలులోకి తెచ్చిన ఎలక్ట్రానిక్ వ్యర్థాల నియమాల ప్రకారం ఏ.సి.లకు, రిఫ్రిజిరేటర్లకు గుర్తింపు పొందిన పునర్వినియోగ కేంద్రాలు, తయారీదారుల బాధ్యత ఉన్నవి. కొత్త యంత్రం కొనేటపుడు పాతదానిని దుకాణం వారికే అప్పగించి రసీదు తీసికొనుట సులభమార్గం.

అయిదవది, యంత్రంపై భారం తగ్గించండి. మేడపై తెల్లసున్నం, కిటికీకి వట్టివేళ్ళ తడిక, తిరిగే పంకా, 26 డిగ్రీల అమరిక. ఇవి మన పెద్దలకు తెలిసిన మార్గాలకు నేటి యంత్రాన్ని జోడించడమే.

కళాశాలకు ఒక విన్నపం

ఏ విద్యాసంస్థలోనైనా కార్యాలయానికి, కంప్యూటర్ల గదికి ఒకటి రెండు పాత ఏ.సి.లు ఉండటం మామూలే. వాటి రేకులపై ఉన్న వివరాలను, నింపిన ప్రతిసారి ఎన్ని గ్రాములు పట్టినదో ఒక పుస్తకంలో వ్రాయించే ఏర్పాటు చేయవలసినదిగా పాలకవర్గంవారిని కోరుతున్నాను. రెండేళ్ళు వ్రాస్తే ఏ యంత్రం కారుతున్నదో తెలిసిపోతుంది. ఆ లెక్క వ్రాయుట భౌతిక, రసాయనిక శాస్త్ర విద్యార్థులకు మంచి ప్రయోగం కూడ. ఐ.టి.ఐ.లలో శీతల యంత్రాల మరమ్మతు ఒక వృత్తి శిక్షణగా ఉన్నది. ఏటా ఓజోను దినాన అక్కడి ఉపాధ్యాయులను ఒకరిని పిలిచి, ఊరిలోని మెకానిక్కులందరినీ కూర్చోబెట్టి, తెలుగులోను ఉర్దూలోను ఒక పూట పాఠం చెప్పించగలిగితే అంతకన్న ఉపకారం లేదు. ఆ పాఠం వినేవారిలో మన అన్నదమ్ములు, మేనమామల కొడుకులు కూడ ఉంటారు.

ముగింపు

మా ఇంటి యంత్రం సంగతి చెప్పి ముగిస్తాను. కొత్త గ్యాసు నింపడానికి నాన్నగారు ఒప్పుకొనలేదు. త్రాసు, పంపు ఉన్న మరొక మెకానిక్కును పిలిపించాము. నైట్రోజను ఎక్కించి చూడగా బయటి గొట్టం చివరి అతుకు వద్ద ఆవగింజంత చోట బుడగ లేచింది. దానిని అతికి, గొట్టాలను ఖాళీచేసి, రేకుపై వ్రాసిన తూకం మేరకు ఆర్-22నే నింపాడు. నాలుగేళ్ళుగా మేము నింపించుకొన్నదంతా ఆ రంధ్రం గుండా ఆకాశానికే పోయినదని ఆనాడు తెలిసింది. మరల కారితే మాత్రం మార్చివేయుటకు నిర్ణయించుకొన్నాము. మొదటి మెకానిక్కును కూడ ఆ రోజు పిలిచి ప్రక్కన నిలబెట్టాము. అతడు బుడగను చూచి, కొంతసేపు మాట్లాడక, "ఈ పంపు ఎంతకు దొరుకుతుంది?" అని అడిగాడు.

2022 నాటి శాస్త్రజ్ఞుల అంచనా ప్రకారం, ఒప్పందాలు ఇలాగే అమలైతే ప్రపంచంలో అధికభాగంపై ఓజోను పొర 2040 ప్రాంతానికి, దక్షిణ ధ్రువంపై 2066 ప్రాంతానికి 1980 నాటి స్థితికి చేరుతుంది. ఇన్ని దేశాలు కలిసి ఒక తప్పును సరిదిద్దుకొన్న సందర్భాలు చరిత్రలో అరుదు. ఆ పనిలో మాంట్రియల్‌లో సంతకాలు చేసినవారి పాత్ర ఎంత ఉన్నదో, తగరపువలసలో ఒక అతుకుకు సబ్బునురుగు పూసి చూచినవాని పాత్రయు అంత ఉన్నది.